బారెడు, జానెడు

"మీరు డైనోసార్లు కడుగుతారట కదా" అని ఎవరైనా అడిగితే మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. కడగడం కాదండీ, రాతిలోంచి ఎముకని బయటికి తీయడం; పైగా నా బల్ల మీద ఉన్నది డైనోసార్ కాదు, ఆ కాలంలోనే సముద్రంలో ఈదిన వేరే రకం సరీసృపం; దానికి కాళ్ళుండవు, పడవ తెడ్లలాంటివి నాలుగుంటాయి; మెడ చాలా పొడుగు. ఇంత చెప్పాక వాళ్ళు, "అయితే చిన్న డైనోసార్ అన్నమాట" అనేవాళ్ళు. ఇప్పుడు "అవునండీ, కడుగుతాను" అనేసి ఊరుకుంటున్నాను.

మా పనిగది మ్యూజియం నేలమాళిగలో ఉంటుంది. పైకప్పుకి దగ్గరగా రెండు చిన్న కిటికీలు. వాటిలోంచి రోడ్డు మీద నడిచేవాళ్ళ పాదాలు మాత్రం కనిపిస్తాయి. మడమ అరిగిన చెప్పుల్ని బట్టి తొమ్మిదిన్నర అయిందో, పది దాటిందో చెప్పగలను. గదిలో నాలుగు బల్లలు, దుమ్ము పీల్చే గొట్టాలు, మూల ఒక గాలి మిషను. ఆ మిషను నుంచి సన్న గొట్టం వచ్చి నా చేతిలోని ఉలికి తగులుకుంటుంది. పెన్సిలంత ఉంటుంది ఆ గాలి ఉలి. దాని మొన చూపుకి ఆనకుండా అదురుతూ రాతిని పొడిపొడిగా రాలుస్తుంది. రోజుకి చదరపు అంగుళం మేర రాయి తీస్తే ఆ రోజు బాగా జరిగినట్టు. సాయంత్రానికి చూపుడువేలు మొద్దుబారిపోతుంది. పొద్దున్న లేచాక చాలాసేపటి దాకా అది నాది కాదన్నట్టే ఉంటుంది.

ఈ పొడుగుమెడ జంతువు ముందు తొమ్మిదేళ్ళుగా కూర్చున్నాను. మా అమ్మాయిని కూడా అంత తేరిపార చూసి ఉండను.

మా పనిలో ఒక నియమం ఉంది. ఎక్కడా రాసి పెట్టలేదు కానీ గదిలోకి వచ్చినవాళ్ళందరికీ మొదటిరోజే చెబుతాం. విరిగిన ఎముకలో సందు పూడ్చాల్సి వచ్చినప్పుడు, ఆ ముద్ద బారెడు దూరం నుంచి చూసేవాళ్ళకి తెలియకూడదు, జానెడు దూరం నుంచి చూసేవాళ్ళకి తెలిసి తీరాలి. బారెడు దూరంలో నిలబడేది టికెట్టు కొనుక్కుని వచ్చే జనం. జానెడు దూరానికి వంగేది చదువుకున్నవాళ్ళు. అందుకే జిగురు ముద్దలో చిటికెడు ఎర్రరంగు కలుపుతాం. అది ఎముక కాదు, మేం పెట్టింది అని చెప్పే రంగు అది.

మంగళవారం పదకొండు గంటలకి డాక్టరమ్మ రెండు టీ కప్పులు పట్టుకుని, చంకలో కాగితాల కట్టతో కిందికి వచ్చింది. ఈ జంతువు మీద పరిశోధన చేస్తున్నది ఆ అమ్మాయే. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పై అంతస్తులో గది, ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. జుట్టు దువ్వుకోవడం మర్చిపోయి వస్తుంది కానీ నాకు టీలో పంచదార వద్దన్న సంగతి ఎప్పుడూ మర్చిపోదు.

"అక్కా, ఒక్క నిమిషం ఆ గాలి ఆపండి" అంది.

ఆపాను. చెవుల్లో హోరు ఇంకా మిగిలే ఉంది.

"వ్యాసం పూర్తయింది. గురువారం పంపేస్తున్నాను. ఇది కొత్త జాతి అక్కా. ఇంతవరకూ ఎవరూ చూడనిది."

"ఎలా చెప్పగలవు?"

"దండ ఎముక వెనక అంచున గట్టు ఉంది కదా, అదే. ఈ కుటుంబంలో దొరికిన ఏ జంతువుకీ అక్కడ గట్టు లేదు. అన్నిటికీ నున్నగా ఉంటుంది. మిగతావన్నీ పాత జాతితో సరిపోతున్నాయి, ఈ ఒక్కటి తప్ప."

దండ ఎముకంటే ముందు తెడ్డుని భుజానికి కలిపే పెద్ద ఎముక. కుడివైపుది బాగుంది. ఎడమవైపుది రాతి బరువుకి నలిగి రేకులా అయిపోయింది, దాంతో పోల్చి చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"మంచిదమ్మా. నాలుగేళ్ళ కష్టం" అన్నాను.

"మొదటి పేజీ చూడలేదు మీరు."

చూశాను. జంతువు పేరు వాలు అక్షరాల్లో ఉంది. మొదటి మాట పెద్దగా, నోరు తిరగకుండా ఉంది. రెండో మాట దగ్గర ఆగిపోయాను. నా పేరుకి చివర ఒక తోక తగిలించినట్టుంది.

"ఇదేమిటి, నా పేరులా ఉంది?"

"మీ పేరే."

"ఇంకెవరూ దొరకలేదా నీకు?"

"తొమ్మిదేళ్ళు దీని ముందు ఎవరు కూర్చున్నారు?" అంటూ తనే కళ్ళు తుడుచుకుంది.

పై హాల్లో ప్రతి అస్థిపంజరం కిందా రాగి రేకు ఉంటుంది. దాని మీద తవ్వినవాళ్ళ పేరు, చందా ఇచ్చినవాళ్ళ పేరు, చదివి చెప్పినవాళ్ళ పేరు ఉంటాయి. రాతిలోంచి తీసినవాళ్ళ పేరు ఉండదు. హాజరు పుస్తకంలో నేను 'సాంకేతిక సహాయకురాలు, రెండో శ్రేణి'. ఇరవై రెండేళ్ళుగా రెండో శ్రేణే.

పక్క బల్ల దగ్గర అచ్చులు పోసే పెద్దాయన పని ఆపి వింటున్నాడు. ఎప్పుడూ ఒంటి నిండా తెల్లపొడే కాబట్టి అందరం ఆయన్ని సున్నం బాబాయ్ అంటాం.

"అమ్మాయ్, ఇకనుంచి నిన్నేమన్నా అంటే ఆ జంతువుని అన్నట్టేనా?" అన్నాడు.

"అవును బాబాయ్, నోరు కాస్త జాగ్రత్త."

"అది వినదుగా. నిన్ననాలనుకున్నవన్నీ దాన్ని అంటాను."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ రోజు చేతి నొప్పి తెలియలేదు.

సాయంత్రం వ్యాసం కట్టతో ఇంటికెళ్ళి చెప్పగానే మా అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఏ డాక్టరమ్మ? ఆ బొమికలకి మందిస్తుందే, ఆవిడా?"

"మందివ్వదు అత్తయ్యా. ఎముకల గురించి చదువుకుంది."

"అంత చదువుకున్న మనిషికి ఒకసారి నా మోకాలు చూపించకపోయావా?"

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఆ పేరు కూడబలుక్కుని రెండుసార్లు చదివారు. "ఇంటిపేరు వెయ్యలేదేం? వేస్తే మావాళ్ళు సంతోషించేవాళ్ళు" అన్నారు. తర్వాత ఆ కాగితం చాలాసేపు తన దగ్గరే పెట్టుకున్నారు. అత్తగారు అన్నం తినేలోపే రెండో అంతస్తు వాళ్ళకీ, మెట్లు తుడిచే ఆవిడకీ, ఫోనులో తన చెల్లెలికీ చెప్పేసింది. "మా కోడలి పేరు మీద డైనోసార్ వెలిసిందే" అంటోంది. వంటింట్లోంచి "డైనోసార్ కాదు" అని అరిచే ఓపిక నాకు లేదు. ఉన్నా అరిచేదాన్ని కాదేమో. మనసుకి హాయిగా ఉంది.

గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, వ్యాసం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. నా పనిని ఇంకొకరి మాటల్లో చదువుకోవడం బాగుంటుంది. మెడ ఎముకలు, పక్కటెముకలు, ఒక్కొక్కటీ ఏ నెలలో తీశానో గుర్తొస్తూనే ఉంది. ఏడో పేజీలో గట్టు వచ్చింది. ఫొటో పెద్దది చేసి వేసింది, బాణం గుర్తు పెట్టి.

'గట్టు మీద సన్నని గీతలు దగ్గర దగ్గరగా, ఒక వైపుకి వంపు తిరిగి ఉన్నాయి. ఇవి కండరం అతుక్కున్న గుర్తులు కావచ్చు. వాటిని ఏటవాలుగా కోస్తూ ఒక సన్నని గాడి ఉంది. ఇది రక్తనాళం వెళ్ళిన దారి కావచ్చు.'

ఆ పేజీని నేను కుడిచేత్తో పట్టుకుని ఉన్నాను. బొటనవేలు సరిగ్గా ఫొటో పక్కన ఉంది. నా బొటనవేలి మీద ఏటవాలుగా ఒక ఉబ్బిన మచ్చ ఉంటుంది, పెళ్ళయిన కొత్తలో కూరలు తరుగుతుంటే కత్తి దిగింది. ఫొటో వైపు చూశాను. వేలి వైపు చూశాను. మళ్ళీ ఫొటో వైపు.

కాగితాన్ని దీపం దగ్గరికి జరిపి, వేలు ఆ ఫొటో మీద ఆనించాను.

ఆరేళ్ళ కిందటి సంగతి. మా మామగారికి బాగోలేదు. పగలు అత్తగారు, రాత్రి నేను, అలా అయిదు రోజులు కూర్చున్నాం. ఆరో రోజు పనికి వెళ్ళాను. దండ ఎముక అంచున పగులు పూడ్చాలి. ఎర్రరంగు సీసా ఖాళీగా ఉంది. పైకెళ్ళి చీటీ రాసి, సంతకం పెట్టించుకుని, స్టోరు తెరిపించి తెచ్చుకోవాలి. నాలుగు అంతస్తుల మెట్లు. నిద్ర లేని కాళ్ళు. బల్ల మీద అదే ఎముక రజను, అదే రాతి పొడి గిన్నెలో ఉన్నాయి. వాటినే జిగురులో కలిపాను. చేయకూడని పని అది, తెలుసు. ఆరాక అరగదీస్తాను, చేసిన పనులన్నీ ఎక్కించే కార్డులో రాస్తాను అనుకున్నాను. ముద్ద కొంచెం ఎక్కువ పెట్టి, చేతి తొడుగు కూడా లేకుండా, బొటనవేలితో అదిమాను. అప్పుడే వరండాలో ఫోను మోగింది. "నాన్న పడిపోయారు, రా" అన్నారు మా ఆయన.

మళ్ళీ పనికి వెళ్ళేసరికి పన్నెండు రోజులయింది. అప్పటికి సున్నం బాబాయ్ ఆ రాతి దిమ్మకి సున్నం కట్టు కట్టి రెండో వైపుకి తిప్పేశాడు, అటు పని మొదలుపెట్టాలని. ఏడాదిన్నర తర్వాత మళ్ళీ ఇటు తిప్పాం. ఆ గట్టు చుట్టూ నేనే శుభ్రం చేశాను. దుమ్ము దులిపాను. ఎముకే అనుకున్నాను. ఆ రజను నన్ను కూడా మోసం చేసింది.

మర్నాడు గది తాళం నేనే తీశాను. మైక్రోస్కోపుని రాతి దిమ్మ మీదికి జరిపి గట్టు చూశాను. దాని పక్కనే నా వేలు పెట్టి చూశాను. గీతలు అవే. వాటి వంపూ, మచ్చ వాలూ అటుది ఇటు తిరగబడి ఉన్నాయి, అచ్చులో ఉన్నట్టే.

సున్నం బాబాయ్ వచ్చి సంచీ తగిలించి, నా ముఖం చూసి బల్ల దగ్గరికి వచ్చాడు. చెప్పాను. వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదు."

"అయితే ఊరుకో. వంద ఎముకలు చూసిన ఆ పిల్లకే తెలియలేదు. ఇంకెవడికి తెలుస్తుంది? ఈ బతుకంతా వేళ్ళు అరగదీసుకున్నావు. ఒక్క పేరు. ఉండనీ."

"తప్పు పేరు కదా బాబాయ్."

"పై హాల్లో నేను పోసిన పుర్రెలు మూడున్నాయి. ఒక్కదాన్ని పిల్లలు అసలైనది కాదంటారా? చూసి భయపడుతూనే ఉన్నారు."

"వాటి కింద 'నమూనా' అని రాసుంది."

"చదివేదెవరు!" అని విసుక్కుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. కాసేపటికి అక్కణ్ణుంచే, "నీ ఇష్టం. నేనేం చూడలేదు, నాకేం తెలియదు" అన్నాడు.

నేను ఉలి పట్టుకుని ఎక్కడో తోక దగ్గర పని చేస్తూ కూర్చున్నాను. రేపు పంపేస్తుంది. పంపితే అయిపోతుంది. మా అమ్మాయి ఫోనులో స్నేహితులకి చూపిస్తుంది. మా ఆయన ఆఫీసులో చెబుతారు, ఈపాటికి చెప్పేసి కూడా ఉంటారు. రాగి రేకు మీద నా పేరు తోకతో సహా ఉంటుంది. నేను చేయాల్సింది ఏమీ లేదు, నోరు మూసుకోవడం తప్ప. ముప్ఫై ఏళ్ళుగా అది నాకు అలవాటే.

కానీ పంపేశాక ఎవరు ఆ దిమ్మ దగ్గరికి వచ్చినా నేను గట్టు వైపే చూస్తుంటాను. ప్రతివాళ్ళూ జానెడు దూరానికి వంగుతారు. వాళ్ళు లేచి నిలబడే దాకా నేను ఊపిరి బిగబట్టుకోవాలి. పదవీ విరమణ దాకా, ఆ తర్వాత కూడా. అంత దూరం మోయడం నా వల్ల అవుతుందా అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. అవుతుందని ఒకసారి, కాదని ఒకసారి అనిపించింది.

భోజనాల వేళ దాటాక డాక్టరమ్మ ఫోను పట్టుకుని వచ్చింది.

"అక్కా, మీ ఫొటో ఒకటి కావాలి. పత్రికల వాళ్ళకి పంపడానికి. దిమ్మ పక్కన కూర్చోండి. ఆ దుమ్ము కోటు అలాగే ఉండనీయండి, బాగుంది."

కూర్చున్నాను. సున్నం బాబాయ్ అచ్చు కలుపుతున్న గరిటె ఆపాడు.

"కొంచెం నవ్వండి. అబ్బ, పాస్‌పోర్టు ఫొటోలా కాదు. ఆ చెయ్యి ఎముక దగ్గర పెట్టండి. బొటనవేలు గట్టు పక్కన ఆనించండి, సైజు తెలుస్తుంది."

చెయ్యి అక్కడిదాకా తీసుకెళ్ళాను. తర్వాత దించేశాను.

"పక్కన పెడితే తెలియదమ్మా. నువ్వు మైక్రోస్కోపు దగ్గర కూర్చో."

"ఎందుకు?"

"కూర్చో. ముందు గట్టు చూడు. చూశావా? ఇప్పుడు నా వేలు చూడు."

ఆమె చూసింది. అద్దం తిప్పుకుంది, మళ్ళీ గట్టు చూసింది. నా వేలు పట్టుకుని వెలుతురు పడేలా తిప్పింది. ఆమె చేతివేళ్ళు చల్లగా ఉన్నాయి. కిటికీలోంచి ఎన్నో పాదాలు అటూ ఇటూ వెళ్ళాయి.

"ఎప్పుడు?" అంది చివరికి, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండా.

"ఆరేళ్ళయింది. నువ్వు ఇంకా ఇక్కడికి రాలేదు."

"రంగు?"

"కలపలేదు. సీసా అయిపోయింది. దీని రజనే కలిపాను. కార్డులో రాయలేదు. ఎలా జరిగిందో చెబుతాను కానీ ఎలా జరిగినా తప్పు నాదే."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం. నువ్వు రాసింది చదివాక."

"కండరం గుర్తులు" అని గొణిగింది. "రక్తనాళం దారి. రక్తనాళం గురించి ఒక పేరా రాశాను అక్కా. రెండు ఉపన్యాసాల్లో చెప్పాను." నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు వైపు చూసింది. "ఏడుద్దామన్నా ఓపిక లేదు. నాలుగు రోజులుగా నిద్రే లేదు."

"నన్ను నాలుగు మాటలను. ఫరవాలేదు."

"అనాలనే ఉంది. రేపు అంటాను." జుట్టు వెనక్కి తోసుకుని, "మీరు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. పేరు మీదే కదా, మీకెందుకొచ్చింది?" అంది. కోపంగానే అడిగింది.

"రోజూ దాని పక్కనే కూర్చోవాలి కదమ్మా నేను" అన్నాను.

సున్నం బాబాయ్ గరిటె తీసి బకెట్లో వేశాడు. అచ్చు గట్టిపడిపోయింది. ఆయన అచ్చు పాడు చేసుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

డాక్టరమ్మ లేచింది. "తీసేయండి" అంది.

"ముందు ఫొటోలు తీసుకో. అన్ని వైపుల నుంచీ. నా వేలు పక్కన పెట్టి ఒకటి. తీసేశాక ఏం తీశామో చూపించడానికి ఏమీ ఉండదు."

ఆమె ఫోను పక్కన పెట్టి పెద్ద కెమెరా తెచ్చుకుంది. ఇరవై ఫొటోలు తీసింది. తర్వాత నేను జిగురు కరిగించే ద్రావకంలో దూది ముంచి గట్టు మీద ఉంచాను. ఎముకనైతే అది ఏమీ చేయదు. పావుగంటకి ముద్ద మెత్తబడింది. చిన్న కత్తితో పొరలు పొరలుగా తీశాను. మొదటి పొరతోనే గీతలు పోయాయి. ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుని, ఒక్కో పొరనీ చిన్న సీసాలో వేసి చీటీ అంటించింది.

"ఇంట్లో చెప్పారా?" అంది మధ్యలో.

"మా అత్తగారికి."

"అయ్యో."

"నువ్వు?"

"మా అమ్మకి. అమ్మ మా పిన్నికి."

నాలుగు గంటలకి అంచు బయటపడింది. నున్నగా ఉంది. పగులు సన్నని వెంట్రుక గీతలా ఉంది, అంతే. వందేళ్ళ కిందట ఎవరో పేరు పెట్టిన మామూలు జాతి. ఆమె వేలితో ఆ అంచు నిమిరి, "అందంగానే ఉంది" అంది. అలవాటు కొద్దీ అన్నదో, నిజంగానే అన్నదో. నేను తిరిగి తెచ్చిన వ్యాసం కట్టని చంకలో పెట్టుకుని పైకెళ్ళిపోయింది. మెట్ల దగ్గర ఆగి, "రేపు తిడతాను, మర్చిపోను" అంది. నేను కార్డు తీసి ఆరేళ్ళ కిందటి తేదీ వేసి, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. పదకొండు వాక్యాలు వచ్చాయి.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వరండాలో నా కోసమే కూర్చుని ఉంది. చెప్పులు విప్పుతూనే చెప్పేశాను, కూర్చుంటే మళ్ళీ ధైర్యం చాలదని.

"అంటే ఆ జంతువు నీది కాదా?"

"కాదు అత్తయ్యా. దానికి ఎప్పుడో పేరుంది."

"నేను మెట్ల పొడుగునా చెప్పేశానే! నా చెల్లెలు వాళ్ళ ఊరంతా చెప్పి ఉంటుంది. ఇప్పుడేం ముఖం పెట్టుకుని..." చాలాసేపు సణిగింది. నేను గోడకి ఆనుకుని నేల మీదే కూర్చుని విన్నాను. అడగాల్సింది అడగనే అడిగింది. "అంత జాగ్రత్త మనిషివి, అలా ఎలా చేశావు?"

"మామయ్య పడిపోయిన రోజు అది. ఫోను వస్తే ఉన్నపళంగా వచ్చేశాను."

అత్తగారు మోకాలి మీద అరచేత్తో రాసుకుంది.

"ఆ రోజు నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకున్నావు. గరుగ్గా, ఇసకలా తగిలింది. ఇదేమిటి, చేతులు కూడా కడుక్కోకుండా వచ్చింది అనుకున్నాను. అప్పుడు అడిగితే బాగోదని ఊరుకున్నాను."

"ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నారా?"

"పెట్టుకోవడమేముంది? గుర్తుంది, అంతే." నా వైపు చూసింది. "లేచి ముందు ఏదైనా తిను. మెట్ల వాళ్ళకి నేనే చెప్పుకుంటాలే."